సంఘం పెద్దమనుషులకు శాలువా, షీల్డ్ కాకుండ ఈసారి బొమ్మ గీయించి ఇద్దామనుకుంటున్నం, ఎవరికన్న అనుభవం ఉందా?

పాలమూరు_కిరాణం

అందరికి నమస్తే. మాది పాలమూరు దిక్కు ఒక చిన్న టౌను, పేరు చెప్తే మావాళ్లు పట్టేస్తరు కాబట్టి చెప్తలేను. ఇక్కడి కిరాణా వర్తక సంఘానికి నేను కొత్తగ జాయింట్ సెక్రటరీని. మీటింగుల ఎవ్వరు చెయ్యెత్తకపోతే పక్కనున్నోడు నా చెయ్యి పట్టి లేపిండు, అట్ల అయిన.

సంగతి ఏందంటే పాత కమిటీ ఈ యాడాది దిగిపోయింది. ప్రెసిడెంట్ సేటు, సెక్రటరీ సారు, క్యాషియర్ సారు, ఈ ముగ్గురు 2014 నుంచి ఒక్క తీరుగ నడిపిన్రు. జీతం లేదు, భత్యం లేదు, జిల్లా ఆఫీసులకు పోవాల్నంటే పెట్రోలు గూడ సొంత జేబుదే. దుకాణం కొడుకుల మీద ఇడిచిపెట్టి తిరిగిన్రు, ఇంట్ల తిట్లు వేరే. 2016 నవంబర్ల ఐదువందలు, వెయ్యి నోట్లు బందైనప్పుడు మీకు యాదుండొచ్చు, కొత్త రెండువేల నోటు పట్టుకొచ్చి పావుకిలో చింతపండు అడుగుతుండ్రి, చిల్లర యాడికెళ్లి తేవాలె? అప్పుడు మా సేటు ఏమన్నడంటే ఏ దుకాణపాయన చిట్టీ రాసిచ్చినా టౌన్ల ఏ కిరాణంలనైనా చెల్లుతది, రాత్రికి మనం మనం లెక్క చూసుకుందాం అన్నడు. చూసుకున్నం గూడ. దినాం రాత్రి పదకొండు దాంక క్యాషియర్ సారు సంఘం ఆఫీసుల కూసొని ఆ చిట్టీలన్ని దుకాణం వారీగ రబ్బరు బ్యాండ్లేసి కట్టలు కట్టి, ఎవరు ఎవరికి ఎంత ఇయ్యాల్నో ఎర్రట్ట బుక్కుల రాసెటోడు, ఒక్క రూపాయి తేడా రాలే.

తర్వాత 2017 జూలైల జీఎస్టీ. సెక్రటరీ సారు కొడుకు ల్యాప్‌టాప్ తెచ్చి ఆఫీసుల పెట్టిండు. అప్పట్ల ఇడి పప్పుకు పన్ను లేదు, అదే పప్పు ప్యాకెట్ల పోసి రిజిస్టర్ బ్రాండు పేరేస్తే 5 శాతం, ఈ ముచ్చట ముసలి సేట్లకు సమజ్ చేయించుడు అంటే మామూలు ఓపిక గాదు. ఇగ 2020 లాక్‌డౌన్ల దుకాణాల ముందల సున్నంతోని గుండ్రాలు గీసింది ఈ ముగ్గురే, వంగి గీసి గీసి సేటు నడుము పట్టేసి రెండు రోజులు లేవలే.

ఇసొంటోళ్లకు మనం ఏం జేస్తం? ఒక పాలిస్టర్ శాలువా, ఒక పూలదండ, ఒక గాజు షీల్డ్. అంతకుముందు దిగిపోయిన ప్రెసిడెంటుకు ఇచ్చిన షీల్డ్ నేను మొన్న ఆయన గోదాంల చూసిన, తలుపు గాలికి కొట్టుకోకుండ కింద అడ్డం పెట్టుకున్నడు. బరువు మంచిగున్నది అన్నడు.

అందుకే ఈసారి ఏదన్న చేతితోని చేసిన కళ ఇద్దాం, ఆర్డర్ ఇచ్చి గీయిద్దాం అని నేనన్న. 140 దుకాణాలు, తలా ఐదువందలు, డెబ్బై వేలు జమైనయి. ఇప్పుడు తలా ఒక మాట. ఒకాయన ఆయిల్ పెయింటింగ్ అంటడు, ఒకాయన ఇత్తడి విగ్రహం అంటడు, డెబ్బై వేలకు ముగ్గురి విగ్రహాలు వస్తయా అంటే మాట్లాడడు. ఒక పిలగాడైతే ఫోన్ల ఏఐ పెట్టి మా సేటుకు కిరీటం, సింహాసనం, పక్కన పులి వేసి గ్రూపుల పెట్టిండు, ఫ్లెక్సీ కొట్టిస్తే పన్నెండువందల్ల అయిపోతది అంటడు.

నా డౌట్లు. ఏ రకం బొమ్మ మంచిది? ఆర్టిస్టుతోని ఎట్ల మాట్లాడాలె? క్యాషియర్ సారుకు మంచి ఫోటోనే లేదు, ఏ ఫోటోల చూసినా తల వంచుకొని ఏదో రాస్తనే ఉంటడు. ఇంకోటి, వాళ్లకు ముందు తెల్వొద్దు అనుకుంటున్నం, కాని బ్యాంకుల సంతకాలు ఇంక మారలే, చెక్కు మీద పాత క్యాషియర్ సారు సంతకమే కావాలె. ఆయన సన్మానానికి ఆయనతోనే చెక్కు రాయించుకోవాల్నా?


రంగుల_డబ్బా

తమ్మీ, నేను నల్లగొండల బోర్డులు రాసెటోన్ని. ఫ్లెక్సీ మిషిన్లు వచ్చినంక ఆ పని పోయింది, ఇప్పుడు బడి గోడల మీద బొమ్మలు, అప్పుడప్పుడు ఇట్ల మనుషుల బొమ్మలు. నీ పోస్టు చదివి రెండు ముచ్చట్లు చెప్పబుద్ధయింది.

ఒకటి, బతికున్నోళ్ల మొఖం పెద్దగ గీసి ఫ్రేము కట్టి చేతికిస్తే ఆ ఇంట్ల అది గోడకు ఎక్కదు. ఎందుకంటే మన దిక్కు గోడ మీద ఒక్క మనిషి మొఖం ఉన్న పటం అంటే ఏందో నీకు తెల్సు. నేను ఒక యూనియన్ పెద్దాయనకు రెండున్నర అడుగుల బొమ్మ గీసిచ్చిన, మస్తు పోలిక వచ్చింది, నాకే ముచ్చటేసింది. ఆర్నెల్లకు వాళ్లింటికి పోతే హాల్ల లేదు. ఆయన ఇంటామెను అడిగితే, ఏం జెప్పాలె అన్నా, వచ్చినోళ్లు చెప్పులు ఇడువకముందే "అయ్యో ఎప్పుడు, మాకు తెల్వనే తెల్వదు" అంటున్నరు, లోపల బీరువా ఎన్కకు పెట్టినం అన్నది. పెద్దాయన పక్కనే కూసొని చాయ్ తాగుతున్నడు.

రెండోది రేటు. బోర్డుకు అడుగుకింత అని కొలిచి ఇచ్చుడు అలవాటు కదా, బొమ్మకు గూడ అట్లనే టేపు పట్టి వస్తరు. అరే, అడుగుల లెక్క అయితే నేను నుదురు పెద్దగ గీసి బిల్లు పెంచుకుంట కదా. మొఖంల కన్ను ఒక్కదానికే ఒక దినం పోతది, అంగీ అంత కలిపి రెండు గంటలు. అందుకని అడుగుల బేరం ఆడకు, మొత్తం పని ఇంత అని మాట్లాడుకో, సగం ముందు ఇయ్యి, పెన్సిలు గీత చూపించినంకనే రంగు వేయమని చెప్పు. రంగు పడ్డంక "మా సేటు ఇంక జర తెల్లగుంటడు" అంటే ఎవ్వనికైనా కోపమొస్తది.

ఫోటో లేకపోతే మంచిదే అనుకో. పాస్‌పోర్ట్ ఫోటోల మనిషి ఉండడు, మెడ బిగవట్టుకొని ఉంటడు అంతే. గీసెటాయనను ఒక పూట సేటు దుకాణంల గిరాకీ లెక్క కూసోబెట్టు. తల వంచి రాస్తడు అన్నవ్ కదా, తల వంచి రాసేదే గీయించు, ఆయన గట్లనే ఉంటే.


పాలమూరు_కిరాణం

అన్నా ఆ చెప్పులు ఇడువని ముచ్చట చదివి మా ఇంట్ల చెప్తే మా అవ్వ "అదే కదరా నేను అంటున్న" అన్నది. మొఖం బొమ్మ క్యాన్సల్. మరి ఇంకేం గీయించాలె?


మర్రిచెట్టు_నీడ

పాలమూరు అంటున్నరు కాబట్టి పిల్లలమర్రి గీయించున్రి, ఏడువందల ఏండ్ల చెట్టు, ఊడలు ఊడలుగ పాకి అందరికి నీడనిచ్చినట్టు మీ పెద్దమనుషులు సంఘానికి నీడనిచ్చిన్రు అని కింద రాస్తే బాగుంటది.


పాలమూరు_కిరాణం

బాగనే ఉంటది గాని అన్నా, ఆ చెట్టుకు చెదలు పట్టి 2018ల కొమ్మకొమ్మకు సెలైన్ బాటిళ్లు కట్టిన్రు కదా, మా సేటుకు షుగరు, మొన్ననే దవాఖానకెళ్లి వచ్చిండు, ఆ పోలిక ఆయన దగ్గర తీస్తే సన్మానం పక్కకు పోతది.


చిటికి_దారం

మాది పుట్టపాక దగ్గర, మా ఇంట్ల ఇంకా రెండు మగ్గాలు నడుస్తున్నయి. చాన మంది మా దగ్గరికి వచ్చి "మా లీడర్ మొఖం నేసి ఇయ్యున్రి" అంటరు, 2022ల సిరిసిల్ల నేతన్న జీ20 లోగో చేత్తోని నేసి ప్రధానికి పంపినంక ఇంకా ఎక్కువైంది. లోగో వేరే, మొఖం వేరే అన్నా. మా ఇక్కత్ పనిల బొమ్మ మగ్గం మీద పుట్టదు, దారం మీదనే ముందు పుడతది. గ్రాఫ్ కాయితం మీద గళ్లు గీసుకొని, ఆసు పోసి, అంటే దారాన్ని మొలల చుట్టు తిప్పి సాగదీసి, యాడ రంగు వద్దో ఆడ రబ్బరు చుట్టి కట్టి, రంగుల ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్ల కట్టి మళ్ల ముంచాలె. డబుల్ ఇక్కత్ అయితే పడుగుకూ (నిలువు దారం) ఇదే పని, పేకకూ (అడ్డ దారం) ఇదే పని, రెండు మగ్గం మీద కలిసినప్పుడు గడికి గడి కూసోవాలె. దారం ఎంటికవాసి జరిగిందనుకో, ముక్కు పోయి చెంప మీద పడతది. పువ్వుకు, ఏనుగుకు ఆ మసక అంచే అందం, సేటు మొఖానికి అది అందం కాదు కదా.

ఇంకోటి, ఒక్క బట్ట కోసం పడుగు ఎవ్వరు పెట్టరు. పెడితే ఆ పడుగు ఖర్చంత ఆ ఒక్కదాని మీదనే పడతది. అదే ముప్పై నలభై కావాల్నంటే రేటు దిగుతది.

నన్నడిగితే తేలియా రుమాల్ తీరుల వస్తువుల బొమ్మలు పెట్టించున్రి. 2020ల మా తేలియా రుమాల్‌కు జీఐ, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అనే గుర్తింపు, వచ్చింది, ఎరుపు నలుపు తెలుపు, దారాన్ని నూనెల, ఆముదం కాయల బూడిద నీళ్లల్ల నానబెట్టి చేస్తరు, కొత్త బట్టకు ఆ నూనె వాసన ఉంటది. పాత రుమాళ్ల మీద పువ్వులే కాదు, సింహాలు, గడియారాలు, విమానాలు గూడ నేసిన్రు మావాళ్లు. విమానం నేసినోళ్లకు తరాజు నేసుడు ఏం కష్టం? తరాజు, పక్కన తూకం రాళ్లు, అంచుకు బస్తాలు. ఎంత ఖర్చయితదో డిజైన్ చూడకుండ నేను చెప్ప, చెప్పినోడు అబద్ధం చెప్పినట్టే. టైం మాత్రం నెలల లెక్కల పెట్టుకోండి, వానకాలం అయితే రంగు ఆరదు, ఇంకా లేటు.


చేర్యాల_కోడలు

నమస్తే తమ్ముడూ. మా అత్తగారిది చేర్యాల, పుట్టిల్లు దేవరకొండ దగ్గర. నీ పోస్టు చదువుతుంటెనే నాకు నకాషీ పటం, అదే చేర్యాల బొమ్మల పటం, కండ్లముందట కనిపించింది, ఎవ్వరు చెప్పరేంది అనుకుంట కిందిదాంక వచ్చిన.

చేర్యాల బొమ్మలంటే ఇప్పుడు అందరు గోడకు పెట్టుకునే చిన్న ముక్క అనుకుంటున్నరు గాని అసలు అది కథ చెప్పే పటం. మూడడుగుల ఎడల్పు, నలభై యాభై అడుగుల పొడుగు బట్ట, గడి గడిగ బొమ్మలు, ఊరి నడుమ వేలాడదీసి ఒక్కొక్క గడి దించుకుంట రాత్రంత కథ చెప్పేటోళ్లు. ఆ కథలు ఎవరివి? కులానికి ఒకటి, అంటే పనికి ఒకటి. పద్మశాలోళ్లకు కూనపులోళ్లు మార్కండేయ పురాణం చెప్తరు, మాదిగలకు డక్కలోళ్లు జాంబపురాణం చెప్తరు, ముదిరాజులకు కాకిపడగలోళ్లు చెప్తరు. మీ పని యాడికెళ్లి వచ్చింది, మీ పెద్దలు ఏం కష్టపడ్డరు అని పనోళ్లకే బొమ్మ పట్టుకొని చెప్పుడు అన్నట్టు. మరి మీ కిరాణపోళ్లకు ఒక పటం ఉంటే తప్పేముంది? మీ చిట్టీల ముచ్చట ఒక గడి, ల్యాప్‌టాప్ ఒక గడి, సున్నం గుండ్రాలు ఒక గడి. నువ్వు పైన రాసిందే సగం పటం.

ఎట్ల చేస్తరో గూడ చెప్త, ఆర్డర్ ఇచ్చేటప్పుడు పనికొస్తది. ఖద్దరు బట్టకు గంజి, సుద్ద, ఉడికిచ్చిన చింతగింజల జిగురు కలిపి పూతలు పూతలుగ పూస్తరు, ఒక పూత ఆరినంకనే ఇంకోటి. ఆరినంక బట్ట డప్పు లెక్క బిర్రుగ అయితది. దాని మీద కుంచెతోని సీదా గీత, పెన్సిలు గీత గూడ అందరు గీయరు. ఎన్క ఎర్ర రంగు. మొఖాలు మటుకు అందరివి ఒక్క తీరుగనే ఉంటయి, గుండ్రటి పెద్ద కండ్లు. మనిషిని పోల్చాల్నంటే మీసం, పగిడి, చేతిల ఏం పట్టుకున్నడు, దాన్నిబట్టే. కాబట్టి చెప్పులు ఇడువకముందు పలకరించే భయం లేదు, ఎవ్వరు అది పోయినోళ్ల పటం అనుకోరు. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే, ముగ్గురిల ఎవరికి ఏ గుర్తు అనేది ముందే ఆలోచించుకొని పో. ఇంకా, కాయితం మీద ముచ్చట రాసుకొని పో, ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవు.


ఆడిటర్_దగ్గర_గుమాస్తా

కళ సంగతి మీరు చూసుకోండి, నేను కాయితాల సంగతి చెప్త. సంఘం రిజిస్టర్ అయి ఉంటది కదా, 2001 సొసైటీల చట్టం కింద. జనరల్ బాడీల తీర్మానం లేకుండ డెబ్బై వేలు కదిలిస్తే రేపు ఎవడో ఒకడు లేస్తడు. తీర్మానంల "పాత కమిటీ సన్మాన ఖర్చు" అని రాస్తే చాలు, ఏం బొమ్మ అనేది రాయనక్కర లేదు, మీ సీక్రెట్ సీక్రెట్‌గనే ఉంటది. అడ్వాన్సు కొత్త కమిటీల ఇద్దరు ముగ్గురు జేబుల నుంచి పెట్టుకొని, సన్మానం అయినంక బిల్లు పెట్టి చెక్కు తీసుకోండి. ఆర్టిస్టు దగ్గర బిల్లు, లేకపోతే కనీసం సంతకం చేసిన రసీదు, మర్చిపోకుండ తీసుకోవాలె. ఎవరన్న తెలివిగలాయన "బిల్లు నా షాపు జీఎస్టీ మీద తీద్దాం, ఐటీసీ (కొన్నప్పుడు కట్టిన పన్ను వాపస్ లెక్క) తీసుకుందాం" అంటే వద్దను. గిఫ్టుగ ఇచ్చే వస్తువుకు ఐటీసీ రాదు, జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)లనే ఉంది.

ఇంకోటి చాన మందికి తెల్వదు. పైసలిచ్చి బొమ్మ గీయించుకుంటే, వేరే ఒప్పందం రాసుకోకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు గీయించుకున్నోళ్లదే, ప్రింట్లు తీసుకోవచ్చు. కాని గీసినాయన పేరు తీసేసుడు, బొమ్మను పాడు చేసుడు మాత్రం నడువదు, ఆ హక్కు ఆయన దగ్గరనే ఉంటది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ల అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979ల రిపేర్ల పేరుతోని పీకి స్టోర్ రూంల పడేసిన్రు, ఆయన కోర్టుకు పోతే 2005ల హైకోర్టు దాన్ని వాపస్ ఇయ్యమని, 5 లక్షలు నష్టపరిహారం కట్టమని చెప్పింది. సర్కారుకే తప్పలే. సున్నమేసేటప్పుడు మీ ఆఫీసు అటెండరుకు ఈ ముచ్చట చెప్పి పెట్టున్రి.


బస్తా_మోసినోని_కొడుకు

ఇంతసేపు చదివిన. సేటు, సారు, సారు. లాక్‌డౌన్ల లారీలు వస్తే బస్తాలు దించింది ఎవరు? మా నాయిన. మాస్కు కట్టుకొని క్వింటాలు బస్తా మోస్తే ఊపిరి ఆడదు, ఇప్పి మోస్తే పోలీసాయన కొడతడు. మీ పెద్దమనుషులు మంచోళ్లే కావొచ్చు, నేను కాదంటలే. కాని ఆ డెబ్బై వేలు హమాలోళ్ల దవాఖాన ఖర్చుకు పెడితే మీ సేటు ఇంకా సంబురపడుతుండె కావొచ్చు. కనీసం బొమ్మలన్న గీస్తరా మమ్మల్ని, లేకపోతే బస్తాలు వాటంతట అవే నడిచొచ్చినయా?


రంగుల_డబ్బా

ఈ తమ్ముడు అన్నదాంట్ల న్యాయముంది.


పాలమూరు_కిరాణం

అన్నా కోపం చేయకు, నువ్వు అడిగింది కరెక్టే, నేను మర్చిపోయిన. పైసలు మాత్రం సన్మానం పేరు మీద వసూలు చేసినం, వేరే దానికి పెట్టడానికి నాకు అధికారం లేదు. దవాఖాన ఖర్చు ముచ్చట వచ్చే మీటింగుల పెడ్త, పెట్టినంక ఏమన్నరో ఈడ్నే రాస్త. బొమ్మల గురించి అయితే మాటిస్తున్న.


బట్టల_దుకాణం_బిడ్డ

మా నాయిన సూర్యాపేట దిక్కు బట్టల వర్తకుల సంఘానికి చాన ఏండ్లు ప్రెసిడెంటు చేసిండు, ఇప్పుడు లేడు. ఇంట్ల సజ్జ మీద పద్నాలుగు షీల్డులున్నయి, మొన్న ఇల్లు సదిరినప్పుడు లెక్కబెట్టిన. రెండిటి మీద పేరే తప్పు. హాల్ల ఉన్నది ఒక్కటే, ఒక డ్రాయింగ్ మాస్టరు గీసిచ్చిన పెన్సిల్ బొమ్మ, దాంట్ల మా నాయిన మొఖం గూడ లేదు, షట్టర్ సగం లేపిన దుకాణం, మెట్టు మీద ఆయన చెప్పులు, పక్కన చాయ్ గ్లాసు. పొద్దుగాల ఆరింటికి సంఘం పని మీద వచ్చేటోళ్లతోని ఆ మెట్టు మీదనే మాట్లాడెటోడు.

ఒక్కటి అడుగుత ఏమనుకోకు. ఆ చాయ్ పెట్టింది మా అమ్మ. సన్మానాలకు పిలుస్తరు, ముందల వరుసల కూసోబెడతరు, చివరకు ఒక జాకెట్ ముక్క చేతిల పెడతరు. మీ పటంల ఒక గడిల ఇల్లు గూడ గీయించు.


పాలమూరు_కిరాణం

అక్కా తప్పకుండ.


పాలమూరు_కిరాణం

అందరికి మళ్ల నమస్తే, నాలుగున్నర నెలలైంది, చానమంది మెసేజ్ పెట్టి ఏమైంది అంటున్నరు కాబట్టి రాస్తున్న, జర పొడుగైతది.

చేర్యాల అక్క చెప్పినట్టే పోయినం. పొద్దుగాల మొదటి బస్సుకు హైదరాబాదు, ఆడికెళ్లి ఇంకో బస్సు, పోయేవరకు పగటీలి అయింది. నేను, కొత్త క్యాషియరు, ఇంకా ఆ ఏఐ పిలగాడు, వాన్ని కావాల్ననే తీసుకపోయిన. గీసెటాయన మమ్మల్ని కూసోబెట్టి బేరం ముచ్చటే తీయలే, గంటన్నర సేపు ప్రశ్నలే. బుక్కు అట్ట ఏ రంగు? షట్టరు కుడికెళ్లా ఎడమకెళ్లా? చిట్టీల కట్టలకు రబ్బరు బ్యాండా, దారమా? సేటు సున్నం గీసింది చేతితోనా, డబ్బాతోనా? సగం మాకే తెల్వదు, ఆడ్నుంచే టౌనుకు ఫోన్లు చేసినం. సేటు పాత నూనె డబ్బాకు మొలతోని బొక్క కొట్టి సున్నం ధార లెక్క పోసిండంట, ఆ సంగతి నాకు ఆ దినమే తెలిసింది.

ఒక చిన్న లొల్లి తరాజు కాడ అయింది. ఆయన పెన్సిలు గీతల పాత తరాజు గీసిండు, అది ఫోటో తీసి గ్రూపుల పెడితే మావాళ్లల్ల సగం మంది ఇప్పుడు అన్నీ ఎలక్ట్రానిక్ కాంటాలే కదా, తూనికలోళ్లు ప్రతి యాడాది ముద్రేసిపోతున్నరు, తరాజు గీస్తే పాత చింతకాయపచ్చడి లెక్కుంటది అన్నరు. గీసెటాయన ఒప్పుకోలే, ఎర్ర రంగు మీద డిజిటల్ కాంటా పెడితే టిఫిన్ డబ్బా అనుకుంటరు అన్నడు. చివరకు సేటు ముందల తరాజు, ఎన్క షెల్ఫుల కాంటా, దాని మీద ఎర్రగ 1.000 అని అంకెలు. పిల్లలు ముందుగాల అదే చూస్తున్నరు.

పైసల ముచ్చట. ఆరు గళ్లు, నిలువు పటం, నలభై ఎనిమిది వేలు అన్నడు. మా కొత్త క్యాషియరు నోరు తెరిచిండు బేరానికి, నేను కాలు తొక్కిన. సగం అడ్వాన్సు మేం ముగ్గురం జేబుల నుంచి పెట్టినం. నోట్ల రద్దు, జీఎస్టీ, సున్నం గుండ్రాలు, తూనికలోళ్లను టౌనుకే పిలిపిచ్చి ముద్రలు వేయించింది, సంఘం ఆఫీసు స్లాబు పడ్డ దినం, బట్టల దుకాణం అక్క చెప్పిన ఇల్లు, ఇవి ఆరు. ఇంటి గడిల ముగ్గురు ఇల్లాండ్లు ఒక్క పొయ్యి కాడ ఉన్నరు, అట్ల ఎప్పుడు జరగలే, ముగ్గురివి మూడు గల్లీలు, కాని గీసెటాయన కథల అట్లనే ఉంటది అన్నడు.

హమాలీల గడి మేం చెప్పుడు లేటైంది, ఆరు గళ్లకు బట్ట కొలిచి పూత పూసినంక ఫోన్ చేసినం. తిడతడనుకున్న. కింది అంచుకు పూలతీగ గీయాల్సిన జాగల అడ్డంగ పొడుగు గడి చేసి లారీ, పలక, పన్నెండు మంది బస్తాలు మోసుకుంట పోయేది గీసిండు, నన్నడిగితే మొత్తం పటంల అదే జీవమున్న బొమ్మ. దానికి ఆరు వేలు వేరేగ ఇచ్చినం, తెచ్చుకోవడానికి పోయిన దినం చేతిల పెట్టినం.

ఫ్రేము, అద్దం ఈడ్నే చేయించినం. ల్యామినేషన్ చేయిద్దాం అని ఒకాయన పట్టుబట్టిండు, చింతగింజల జిగురు మీద వేడి మిషిను పెడితే ఏమైతదో అని భయపడి వద్దన్నం. సంఘం ఆఫీసుల ఎండ పడని గోడకు పెట్టినం. ముగ్గురికి ఇంటికి తీసుకపోవడానికి వాళ్ల వాళ్ల గడి ప్రింటు, కింద గీసినాయన పేరు అట్లనే ఉంచినం. శాలువాలు లేవు, ముగ్గురు ఇల్లాండ్లకు నారాయణపేట చీరెలు.

సన్మానం నాడు గుడ్డ తీసినంక సేటు బామ్మర్ది "మా బావ లెక్క లేడు గదా" అన్నడు మైకుల వినిపించేటట్టు. అప్పుడే తలుపు కాడ నిలబడ్డ హమాలీ మల్లన్న, పేరు మార్చిన, "అగో నూనె డబ్బా, సేటే" అన్నడు. ఇగ అందరు ఒక్కొక్కరు లేచి దగ్గరికి వచ్చి నేనేడున్న నువ్వేడున్నవు అనుడు మొదలుపెట్టిన్రు, స్పీచులు ఎవ్వరు ఇనలే. దవాఖాన ఖర్చు ముచ్చట గూడ మీటింగుల పెట్టిన, "చూద్దాం" అన్నరు, చూద్దాం అంటే ఏందో మీకు తెల్సు, మళ్ల పెడ్త.

క్యాషియర్ సారు మాత్రం ఏమనలే. అద్దాలు పెట్టుకొని పటం ముందల చానసేపు నిలబడ్డడు. అందరు భోజనాలకు పోయినంక నా దగ్గరికి వచ్చి బిల్లు ఏది అన్నడు. ఇచ్చిన. మా ముగ్గురి జేబు పైసలు వాపస్ రావాల్నంటే ఆయన సంతకమే కదా. బిల్లు చదివి, పటం దిక్కు చూసి, వేలు పెట్టి గళ్లు లెక్కబెట్టిండు. బిల్లుల ఆరు అని ఉంది, గోడకు ఏడున్నయి, ఏడోదాని కాయితమేది అన్నడు. చేతికిచ్చినం సార్ అన్న. చేతికిస్తే చేతికిచ్చినట్టు రసీదుండాలె కదా నాయినా అన్నడు.

చెక్కు ఇంక ఆయన దగ్గరనే ఉన్నది. ఆరు వేల రసీదు కోసం నేను చేర్యాలకు ఫోన్ చేస్తున్న, ఆయన ఏదో పెద్ద పటం పనిల ఉన్నడంట, ఫోన్ ఎత్తుతలేడు. చేర్యాల అక్కా, మీ అత్తగారింటికి ఎప్పుడన్న పోయేది ఉంటే జర మెసేజ్ పెట్టవా?